కారులో మరిచిపోయిన చాకు

ఆ చాకుతో నాకు అవసరం ఏమీ లేదు. గోదాములో అట్టపెట్టెలు కోయడానికి కంపెనీ వాళ్లే పసుపుపచ్చ ప్లాస్టిక్ కట్టర్ ఒకటి ఇచ్చారు. దాని బ్లేడు లోపలికి దాక్కుని ఉండేది. కావాలని వేలు పెట్టినా తెగదు. దాన్ని మెడలో తాడుకు వేలాడదీసుకుని పని చేస్తుంటే చిన్నపిల్లల బడిలో ఉన్నట్టనిపించేది. మా ఊళ్లో నేను కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌కి మేం వచ్చింది మా ఆవిడ ఉద్యోగం మీద. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. నా వీసా ఆవిడ వీసాకు తోక. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నన్ను సిస్టర్ గారి హస్బెండ్ అనే పరిచయం చేసేవారు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఏదో ఒకటి నాదంటూ ఉండాలనిపించేది. ఒక శనివారం సందులో ఒక చిన్న చాకుల కొట్టు అద్దంలోంచి అది కనబడింది. లోపలికి వెళ్లాను.

ముదురెరుపు చెక్క పిడి, రెండు చివరలా ఇత్తడి. మూసి ఉంటే నా అరచేతిలో సరిగ్గా ఇమిడింది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది, ఆ బరువు నచ్చింది. బ్లేడు వెన్ను పక్కన గోరు ఆనించడానికి చిన్న గాడి ఉంది. మొదటిసారి లాగితే రాలేదు, గోరు విరిగింది. రెండోసారి నెమ్మదిగా కదిలి, సగం దూరం వచ్చాక తనంతట తనే లేచినట్టు లేచి టక్కుమని ఆగింది. ఇక వెనక్కి మడుద్దామంటే మడత పడదు. పిడి వెనక చిన్న మీట నొక్కితేనే పడుతుంది. కుట్టుమిషను నూనె వాసన వేసింది. బ్లేడు మీద ఊరి పేరు సన్నగా చెక్కి ఉంది. ఆ ఊళ్లో ఉంటూ ఆ ఊళ్లోనే చేసిన వస్తువు నా దగ్గరికి రావడం అదే మొదలు.

కొట్టు పెద్దాయన రెండు సంగతులు చెప్పాడు. అప్పుడప్పుడు కీలు దగ్గర ఒక నూనె చుక్క వెయ్యమన్నాడు. ఇది లాక్ పడే రకం కాబట్టి సరైన కారణం లేకుండా జేబులో పెట్టుకుని వీధుల్లో తిరగకూడదు, పోలీసులు ఒప్పుకోరు, ఇంట్లో వాడుకో అన్నాడు. మొదటిది శ్రద్ధగా విన్నాను. రెండోది కూడా విన్నాను. ఈ దేశంలో దేనికైనా ఏదో ఒక జాగ్రత్త చెబుతూనే ఉంటారు, ఇదీ అలాంటిదే అనుకున్నాను. తరవాత ఎప్పుడైనా నాకు తెలియక జరిగింది అని అనుకోబోతే, ఆ పెద్దాయన మొహం గుర్తొచ్చి ఆ మాట పూర్తి కానిచ్చేది కాదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు తెరిచి చూపించాను. ఆవిడ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కోటు కూడా విప్పలేదు. చేత్తో పట్టుకోలేదు. ఆ వారం వాళ్ల వార్డులో కత్తిపోటుతో వచ్చిన కుర్రాడొకడు ఉన్నాడని నాకు తెలుసు, ఆవిడే చెప్పింది. టక్కుమనే ఆ చప్పుడు వినమని ఇంకోసారి మూసి తెరిచాను.

"బావుందండీ," అంది. "వంటింట్లో పెట్టండి. జేబులో మాత్రం పెట్టుకోకండి."

సోమవారం పొద్దున్న అది నా జాకెట్ జేబులో ఉంది.

నన్ను పనికి తీసుకెళ్లేది మా సంఘంలోని ఒక అన్న. గోదావరి వైపు మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. వృద్ధుల కేర్ హోములో పని చేసేవాడు. మా గోదాము ఆయన దారిలోనే ఉండేది. ఆయనకు అప్పటికే బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చేసింది. ఆదివారాలు మా సంఘం పిల్లల సండేస్కూలు ఆయనే చూసుకునేవాడు. ఇంగ్లీషు చర్చి వాళ్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం ఆ హాలు మేం అద్దెకు తీసుకునేవాళ్లం. పెద్దలు ప్రసంగం వింటుంటే పక్కగదిలో ఆయన పిల్లలకు నోవహు ఓడలో ఏనుగు ఎలా ఎక్కిందో నటించి చూపించేవాడు. ఆయన తెలుగులో చెబితే వాళ్లు ఇంగ్లీషులో అరిచేవారు. గోడ ఇవతల పాస్టర్ గారు ప్రసంగం ఆపి నవ్వేవారు.

కారులో యాపిల్ కోసి సగం ఆయనకిచ్చాను.

"ఓ యాపిల్ ముక్కకి ఇంత ఆయుధమేంటి తమ్ముడూ? మీ ఆవిడ ఆపరేషన్ థియేటర్లో కూడా ఇలాంటిది ఉండదేమో," అన్నాడు.

నవ్వుకున్నాం. అది మాకు అలవాటయింది. రోజూ ఒక పండు, రోజూ అదే టక్కు. ఒకరోజు బ్లేడును టిష్యూతో తుడిచి, మూసి, నా వైపు తలుపు అరలో పెట్టాను. గోదాము రాగానే హడావిడిగా దిగిపోయాను.

ఆ మధ్యాహ్నం భోజనం వేళ ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెనక లైటు వెలగడం లేదని పోలీసులు బండి ఆపారట. తలుపు అరలో చాకు కనబడిందట. ఎవరిదని అడుగుతున్నారు, ఒక్క ఫోను చేసుకోనిచ్చారు. ఇదంతా ఆయన తాపీగా, కూరలో ఉప్పెంత అని అడిగినట్టు చెప్పాడు.

"నీదని చెప్పనా తమ్ముడూ?"

పై నెలలో మేం ఇక్కడ స్థిరంగా ఉండిపోవడానికి అప్లికేషన్ పెట్టుకుంటున్నాం. నడవడి బాగుండాలని, పోలీసు మచ్చ ఏదీ ఉండకూడదని అప్పటికే పదిసార్లు చదివి ఉన్నాను. ఆయన కేర్ హోములో పని చేస్తాడని, అలాంటి పనికి పోలీసు రికార్డు శుభ్రంగా ఉండాలని కూడా నాకు తెలుసు. మా ఆవిడకీ అలాంటి తనిఖీలే జరిగాయి, అన్నీ నేనే దగ్గరుండి నింపాను. తెలిసే అన్నాను.

"అన్నా, ఇప్పుడు నా పేరు వస్తే మా ఇద్దరిదీ పోతుంది. నీకు పాస్‌పోర్టు ఉంది కదా. నీకైతే ఓ మాట చెప్పి వదిలేస్తారు."

ఆయన వెనక బండ్లు పోతున్న చప్పుడు వినబడుతోంది.

"సర్లే. నాదనే చెబుతాను. నువ్వు అన్నం తినెయ్."

తిన్నాను. అది కూడా రాయాలి.

ఆయన్ని స్టేషనుకు తీసుకెళ్లారు. చాకు వాళ్లే ఉంచేసుకున్నారు. కోర్టుకు పంపలేదు గానీ, నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించుకుని హెచ్చరించి వదిలారు. దాన్ని కాషన్ అంటారు, అది రికార్డులో ఉంటుంది. కేర్ హోము నియమం ప్రకారం ఆయనే వెళ్లి మేనేజరుకు చెప్పాడు. నాలుగైదు వారాలు ఇంట్లో కూర్చోబెట్టి, తరవాత ఇక రావద్దన్నారు. ఆయన ఒక టేకవే హోటలు వంటింట్లో ఉల్లిపాయలు తరిగే పనికి కుదిరాడు. నేను బస్సెక్కడం మొదలుపెట్టాను.

చాకు ఏదని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఎక్కడో పడిపోయిందన్నాను. ఆవిడ నా వైపు చూసింది, తరవాత మళ్లీ అడగలేదు.

సంఘంలో కబురు పాకింది. ఆ అన్న బండిలో కత్తి పెట్టుకు తిరుగుతాడట అన్నారు. ఎవరి మీదకో అన్నారు. పాస్టర్ గారు ఆయన్ని పక్కకు పిలిచి, పిల్లల క్లాసుకు కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వండి బ్రదర్ అన్నారు. ఆ మాటన్నప్పుడు నేను అక్కడే కుర్చీలు సర్దుతున్నాను. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో అని చాలాకాలం అనుకున్నాను. అది కూడా ఆయన మీదకి తోసెయ్యడమే.

మా శాశ్వత వీసా వచ్చింది. అలా వచ్చినవాళ్లు ఆదివారం భార్యాభర్తలిద్దరూ ముందుకొచ్చి కృతజ్ఞత సాక్ష్యం చెప్పి, ఆ రోజు అందరికీ బిర్యానీ పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. నేను ముందుకెళ్లాను. మా ఆవిడ లేవలేదు. బైబిలు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. దేవుడు మా మార్గంలోంచి ప్రతి అడ్డంకినీ తీసేశాడు అని నేను మైకులో చెప్పాను. వెనక వరసలో ఆ అన్న తన భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. అందరితో పాటు ఆయనా ఆమేన్ అన్నాడు. అంతమంది గొంతుల్లో ఆయన గొంతు నాకు విడిగా వినబడింది.

ఆ ఏడాది చివర్లో అన్న, ఆయన భార్య స్విండన్ అనే ఊరు వెళ్లిపోయారు, అక్కడ ఆమె చుట్టాలున్నారు. వెళ్లే ముందు నేను సామాను సర్దడానికి సాయం వెళ్లాను. ఆయన టీ ఇచ్చాడు. ఇద్దరం ఫ్రిజ్జు మోశాం. చెప్పాల్సినది చెప్పకుండానే వ్యాను తలుపు వేశాను.

ఆ తరవాత పది పన్నెండేళ్లకు చెప్పాను. ఎందుకు అప్పుడే అంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. మా ఆవిడ ఒక ఆదివారం బయలుదేరే ముందు చెప్పులు వేసుకుంటూ, ఆ సాక్ష్యం ఇంకా నా చెవుల్లో ఉందండీ అంది. అంతే. నేను హాల్లో లేచి నిలబడి, చాకు నాదని, ఫోన్లో నేను ఏమన్నానో మాటకు మాట చెప్పాను. తరవాత ఎవరో హల్లెలూయా అన్నారు. కొత్త పాస్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంత ధైర్యమున్న బ్రదర్‌ని బట్టి దేవునికి స్తోత్రం అన్నారు. చప్పట్లు కొట్టారు. బిర్యానీ దగ్గర ఇద్దరు ముగ్గురు నా చెయ్యి ఊపారు. ఆ అన్న ఇప్పుడెక్కడున్నాడని ఒక్కరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఆయనకు ఫోను చేశాను. పార్సిళ్లు పంచే వ్యాను నడుపుతున్నానన్నాడు. నేను చెప్పినదంతా మధ్యలో ఆపకుండా విన్నాడు.

"పిల్లలున్నారా?" అన్నాడు.

"ఏ పిల్లలు, అన్నా?"

"నా క్లాసు పిల్లలు. నువ్వు చెప్పేటప్పుడు వాళ్లు విన్నారా?"

విన్లేదు. ఆరాధన జరిగేటప్పుడు పిల్లలు ఎప్పుడూ పక్కగదిలోనే ఉంటారు. పైగా అక్కడ ఇప్పుడున్నది వేరే పిల్లలు. ఆయన క్లాసు పిల్లలు పెద్దవాళ్లయి చదువులకని తలా ఒక ఊరూ వెళ్లిపోయారు. ఆ సంగతే చెప్పాను.

"వాళ్లకి చెప్పు తమ్ముడూ. పెద్దోళ్లు ఏవనుకుంటే నాకేంటి," అన్నాడు. డెలివరీ ఉందని పెట్టేశాడు.

అప్పట్నుంచి ఎవరి ఇంట పెళ్లి జరిగినా, ఎవరి బిడ్డ సెలవులకు వచ్చినా వెళ్లి కూర్చుంటున్నాను. మొన్న క్రిస్మస్ కూడికలో ఒక కుర్రాడు దొరికాడు, నాకన్నా పొడుగయ్యాడు. యూనివర్సిటీ నుంచి వచ్చాడు. సండేస్కూల్లో మీకు పాఠం చెప్పిన అంకుల్ గుర్తున్నాడా అని అడిగాను. వాడు నుదురు ముడిచాడు. నోవహు ఓడ చెప్పాను, ఏనుగు చెప్పాను. చేతులు ఊపి, ఆయన తొండం ఆడించినట్టు ఆడించి చూపించాను. వాడికి ఏదీ గుర్తు రాలేదు, మర్యాదకు నవ్వుతున్నాడు. వేరే దారి లేక, పోలీసులు ఆయన బండి ఆపారు కదా అన్నాను.

వాడి మొహం వెలిగింది.

"ఓ, నైఫ్ అంకుల్!"

వాణ్ణి కుర్చీలో కూర్చోమన్నాను.