నక్షా మీద బ్లేడు చప్పుడు

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నా కళ్ళ ముందు, నా చేతి కింద జరిగింది. మా అమ్మ మీద ఒట్టు.

అప్పట్లో నిజామాబాద్‌లో కంప్యూటర్ మీద డ్రాయింగులు వేసేవాళ్ళు తక్కువ. నేను ఏ కోర్సూ చేయలేదు. గ్రంథాలయంలో ఉన్న ఒక్క ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివి నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే బోధన్ దగ్గర ఒక చక్కెర మిల్లు పని ఒప్పుకున్నాను. వాళ్ళ పాత నక్షాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. కొన్ని కాగితం మీద ఉన్నాయి. మరీ పాతవి గంజి పట్టించిన పల్చటి బట్ట మీద, నల్ల సిరాతో గీసినవి.

బట్టను డిజిటైజర్ పలక మీద టేపుతో అంటిస్తాం. పలక మీద మౌసు లాంటిది జరుపుతూ, గీతకు ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి దాని బటన్ నొక్కుతాం. టక్... టక్. అదే గీత తెర మీద పడుతుంది.

ఆ రాత్రి పని తొందరది. బాయిలర్ దగ్గర నేల కింద రెండు పైపులు పక్కపక్కనే పోతాయి. ఒకటి ఆవిరిది. రెండోది ఎప్పుడో మూసేసింది. నక్షాలో దాన్ని ముక్కల గీతగా చూపించారు. తెల్లారగానే ఫిట్టర్ నర్సన్న గుంతలో దిగి ఆ మూసేసిన పైపును కోయాలి. వేడి బయటికి రాకుండా రెండింటికీ ఒకే తీరు తాపడం చుట్టి ఉంది. చేత్తో ముట్టి ఏది ఏదో చెప్పలేం. చెరకు సీజన్ ముందు పరీక్ష కోసం బాయిలర్ వెలుగుతోంది. దాన్ని ఆపడానికి ఇంజినీరు సారు ఒప్పుకోలేదు. ఏ పైపు కోయాలో చూపే ప్రింటు నేనే ఇవ్వాలి.

మిల్లు ఆఫీసు గదిలో నర్సన్న నా పక్కన బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“మంచిగ గియ్యి తమ్మీ. అటుదిటు జేస్తివనుకో, రేపు నన్ను ఉడకబెట్టిన మక్కకంకి లెక్క తీస్తరు గుంతలకెల్లి.”

“నువ్వు గమ్మునుంటె మంచిగనె వస్తదన్నా.”

ఆవిరి పైపు గీశాను. టక్... టక్. మూసేసిన పైపూ గీశాను. సేవ్ చేశాను.

కరెంటు పోయింది.

చీకటి. దూరంగా బాయిలర్ రొద. పులిసిన మొలాసిస్ వాసన. అప్పుడు వినబడింది.

కర్ర్... కర్ర్...

ఆగింది. మళ్ళీ... కర్ర్. సన్నగా, ఒద్దికగా. ఏ తొందరా లేని చప్పుడు. ఎలుక అనుకున్నాను. ఎలుక అలా ఒకే తీరుగా గీకదు. పైగా చప్పుడు పలక మీద నుంచే వస్తోంది. నా చేయి దాని అంచు మీద ఉంది. పలక అదురుతోంది... వేళ్ళకు తెలుస్తోంది.

“అన్నా... నువ్వేనా?”

“నా సేతులు నా సంకలల్లనె ఉన్నయి.” నర్సన్న గొంతు తగ్గించాడు. “తమ్మీ, గా సప్పుడు ఇరగ్గొట్టిన సగం బ్లేడుది. నేను కొత్తగ నౌకరీల జేరినప్పుడు నక్షాలు గీసెటోల్లు గీ కమ్రలనె కూసుంటుండె. బట్ట మీద సిరా రబ్బరుకు పోదు. తప్పు గీత పడితె గిట్లనె గీకుతుండె.”

చేయి తీయాలనుకున్నాను. రాలేదు. మణికట్టు మీద ఏదో రాలింది. పొడి... ఎవరో వంగి దాన్ని ఊదారు. ఆ ఊపిరి నా చర్మానికి తగిలింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

చాలాసేపటికి కరెంటు వచ్చింది. బట్ట అంటించినచోటే ఉంది. టేపు లేవలేదు. ఆవిరి పైపు గీత ఉంది. మూసేసిన పైపు... లేదు. ముక్కల వరుస మొత్తం పోయి, ఆ చోట బట్ట తెల్లగా నూగు లేచి ఉంది. నా మణికట్టు మీద నల్లటి పొడి.

కంప్యూటర్ మళ్ళీ పెట్టి చూస్తే, తెర మీద మాత్రం రెండు గీతలూ ఉన్నాయి.

నర్సన్న బట్టనే చూస్తూ నిలబడ్డాడు. “నక్షల లేని పైపు నేను కొయ్య.”

“కంప్యూటర్ల ఉంది గదన్నా.”

“గుంతలకు దిగేది నీ కంప్యూటర్ గాదు తమ్మీ.”

పొద్దున ఇంజినీరు సారు మండిపడ్డారు. “బట్టకు పురుగు పడితే పని ఆపుతారా?” అన్నారు. నర్సన్న కదల్లేదు. చివరికి బాయిలర్ ఆపించారు. చల్లారాక నర్సన్న గుంతలోకి దిగి కోశాడు. మూసేసిందనుకున్న పైపులోంచి నీళ్ళు కారాయి. అప్పటికీ పొగలు కక్కుతూనే ఉన్నాయి. ఎవరో ఎప్పుడో దాన్ని తిరిగి ఆవిరి పైపుకు కలిపారు. నక్షాలో దిద్దలేదు.

నర్సన్న పైకొచ్చాడు. మక్కకంకి మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను గ్రంథాలయానికి పరుగెత్తాను. గంజి తినే పురుగులు ఉంటాయని, పాత బట్టలను కొరుకుతాయని ఒక పుస్తకంలో దొరికింది. సంబరంగా నర్సన్నకు చెప్పాను.

“పురుగయితె బట్టకు బొక్క వడాలె గద తమ్మీ. సిరా ఒక్కటె ఎట్ల తింటది?”

గ్రంథాలయంలో నేను వెతికిన అల్మారాలో దానికి జవాబు లేదు. పక్క అల్మారాలోనూ లేదు.

ప్రతి ప్రింటు కింద ‘మూలంతో సరిచూసినవారు’ అని ఒక గడి ఉంటుంది. అన్నిట్లోనూ నా సంతకమే. ఆ ఒక్క నక్షాలో గడి ఇప్పటికీ ఖాళీగా ఉంది. కలం తీసుకుని కూర్చున్నాను చాలాసార్లు...

సరిచూసింది నేను కాదు. ఎవరో నాకు తెలియదు.