కారంబియ్యం సముద్రంలో మూడు రోజులు

"మీరు పోయొచ్చిన ఆ కరేబియన్ యాడుండాది? ఎట్ల పోవల్ల?" అని మా వీధిలో ముగ్గురు, చర్చిలో నలుగురు అడిగినారు. ఒక్కొక్కరికి చెప్పలేక ఇట్ల రాసి పెడుతున్నా. పోదల్చుకున్నోళ్లు చదువుకొని పోండి.

నా పేరు రూతమ్మ. మైదుకూరులో టైలరింగ్ షాపు నాది. మా ఆయన దానియేలు బోర్లలో మోటర్లు దించుతాడు, చెడిపోతే పైకి తీస్తాడు. పోయిన అక్టోబరులో ఒక చేనులో ఇనుప పైపు ఎత్తుతూ ఎత్తుతూ గుండె పట్టుకొని కూలబడినాడు. కర్నూలు ఆసుపత్రిలో స్టెంటు వేసినారు. ఇంక బరువు ముట్టుకోగూడదనీ, మనసుకు విశ్రాంతి కావల్లనీ డాక్టరు నాకు చెప్పినాడు. ఇంట్లో విశ్రాంతి యాడిది? ఫోను మోగుతుంది, ఎవరి బోరో ఆగిపోయింటుంది, ఈయన చెప్పుల కోసం వెతుక్కుంటాడు. నేను వాకిలికి అడ్డం నిలబడతా. రెండు నెలలు ఇదే కథ.

ఇంటర్ చదివే మా కూతురు మెర్సీ ఒకరోజు ఫోన్లో చూపించింది. శ్రీ చౌడేశ్వరి కరేబియన్ బీచ్ రిసార్ట్, చలికాలం ఆఫర్, ఆల్ ఇన్‌క్లూజివ్. అంటే తిండి, పడక, ఆట, పాట అన్నీ ఒకే డబ్బుల్లో. ఉండేది మాత్రం మన కర్నూలు, కడప నడుమనే, బనగానపల్లె అవతల ఒక రిజర్వాయరు ఒడ్డున. మా అత్త శాంతమ్మకు డెబ్బై రెండేళ్లు. ఆమె విని, "కారంబియ్యమా? అదేం వంటమ్మే?" అనింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు కారంబియ్యమే.

క్రిస్మస్ అయిన మూడో రోజు బయలుదేరినాము. ఆయన ఫోను షాపులో పెట్టి తాళం వేసినా. పొద్దున ఆరు ఇరవైకి మైదుకూరు బస్టాండులో నంద్యాల ఎక్స్‌ప్రెస్. ఆడోళ్లం ముగ్గురం ఆధార్ చూపిస్తే ఫ్రీ టికెట్లు కొట్టి ఇచ్చినాడు కండక్టరు. మా ఆయన దగ్గర డబ్బులు తీసుకుంటూ, "నలుగుర్లో నువ్వొక్కనివే ఖర్చప్పా" అన్నాడు. బస్సులో అందరూ నవ్వినారు. మా ఆయన కిటికీ పక్కకు తిరిగి కూర్చున్నాడు.

ఆళ్లగడ్డలో ఒకామె పూలబుట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. "యాడికి పోతాండారమ్మా?" అని అడిగింది.

"కరేబియన్‌కు" అన్నా.

"అట్లయితే నంద్యాలలో దిగి బనగానపల్లె బస్సెక్కల్ల" అనింది, ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా.

ఆమె చెప్పినట్టే ఎనిమిదీ నలభైకి నంద్యాలలో దిగినాము. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాము. ఆయనకు బజ్జి ఇవ్వలేదు. తొమ్మిదిన్నర బస్సు. బనగానపల్లె దాటినాక క్రాసులో దిగి ఆటో మాట్లాడుకున్నాము. పదకొండున్నరకు రిసార్టు వాకిట్లో ఉన్నాము.

మేనేజరు సుంకన్నది నందికొట్కూరు. నలభై అయిదేళ్లుంటాయి. చలికి స్వెట్టరు వేసుకొని దాని పైన పూలపూల చొక్కా తొడుక్కున్నాడు. "వెల్‌కమ్ టు కరేబియన్. రాండి, రాండి" అని మా నలుగురి చేతులకూ నీలం రంగు ప్లాస్టిక్ పట్టీలు కట్టించినాడు. అది చేతికుంటే ఏదడిగినా ఇస్తారంట. మా అత్త పట్టీని తిప్పితిప్పి చూసి, "ఏ వార్డు నాయనా?" అని అడిగింది. ఆమె తప్పు కాదు. అక్టోబరులో ఆసుపత్రిలో కొడుకు చేతికి కట్టింది అచ్చం ఇట్లాంటిదే. మా ఆయన మొహం వాడిపోయింది. చొక్కా చెయ్యి కిందికి లాగి పట్టీని మూసేసినాడు.

సామాన్లు గదిలో పెట్టి బీచ్ చూద్దామని పోయినాము. పాతిన రెండు ఇనుప పైపుల మధ్య పెద్ద బోర్డు, 'కరేబియన్ బీచ్' అని. దాని కింద తెల్లని ఇసుక, గొడుగులు, ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు. ఇసుక మీద ఒక గొర్రెల మంద పడుకోనుంది. నీళ్లు మాత్రం లేవు.

"సముద్రం యాడప్పా?" అని అడిగినా.

సుంకన్న దూరంగా చెయ్యి చూపించినాడు. ఎండిన ఒండ్రు మట్టి అవతల, తారురోడ్డు మీద ఎండకు మెరిసినట్టు, సన్నగా ఒక గీత కనిపించింది. "పైర్లకని కాలువకు నీళ్లు ఇడిసినారు మేడం. మొన్న ఈడనే ఉండె. మేమేం ఊరకే లేము, రోజూ పొద్దున ట్రాక్టరుతో బీచ్‌ను ముందుకు తోలుతాండాము. నీళ్లు మాకంటే బిరీన పోతాండాయి."

నిజంగానే తోలుతున్నారు. ట్రాలీలో ఇసుక నింపి, గొడుగులు, కుర్చీలు, రెండు కొబ్బరిచెట్లు పైన వేసి, నీళ్ల అంచు దగ్గర దింపుతారు. మధ్యాహ్నం మైకులో చెప్పినారు, "అతిథులకు గమనిక. బీచ్ ప్రస్తుతం అర కిలోమీటరు దూరంలో ఉండాది. ట్రాక్టరు మూడు గంటలకు." మేము ముప్పై మందిమి ట్రాలీ ఎక్కి పోయినాము. పోయి కూర్చుని టీ తాగేలోపల నీళ్లు ఇంకో రెండు బారలు వెనక్కి పోయినాయి. అందరం లేచి కుర్చీలు ముందుకు జరుపుకున్నాము. కర్నూలు నుంచి వచ్చిన ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు మాత్రం జరగలేదు. "నేను వచ్చినప్పుడు సముద్రం ఈడ ఉండె. ఈడనే కూర్చుంటా" అన్నాడు.

భోజనం గురించి చెప్పల్ల. వంటమనిషిది రాయచోటి. కరేబియన్ కోడి అని పెట్టింది మన నాటుకోడి పులుసే, పైన రెండు అనాస ముక్కలు. పక్కన రాగి సంగటి. మా అత్త రెండు ముద్దలు తిని, "కారం ఉండాది, బియ్యమే లేదు" అనింది.

సాయంత్రం లింబో ఆట. పక్క ఊరి డప్పు కళాకారులు నలుగురు, వాళ్లకూ పూల చొక్కాలే. అడ్డంగా పట్టుకున్న కట్టె కింద, దాన్ని తాకకుండా దాటల్ల. కట్టె దిగేకొద్దీ ఒక్కొక్కరు ఓడిపోయినారు. మా అత్త నడుము పదేళ్ల నుంచి వంగిపోయి ఉంది. ఆమె మజ్జిగ గ్లాసు పెట్టి రావడానికి అటు పోతూ కట్టె కింద నుంచి మామూలుగా నడిచిపోయింది. డప్పులు మోగినాయి. ఆమెకు ప్లాస్టిక్ పూలదండ వేసి ఫస్టు ప్రైజన్నారు. ఎందుకో ఆమెకు ఇప్పటికీ తెలీదు.

మా ఆయన ఇవేవీ చూడలేదు. ఊయల పడకలో వెల్లకిలా పడుకొని చెవి ఒక పక్కకు పెట్టుకోనున్నాడు. ఏమని అడిగితే, "వీళ్ల బోరు మోటరు నీళ్లందక గాలి పీకుతాంది. రేపటికి ఆగిపోతాది" అన్నాడు.

"నీకెందుకు?" అన్నా.

"నాకెందుకులే" అని కండ్లు మూసుకున్నాడు.

రెండో రోజు పొద్దున ఏడింటికి కొళాయిలు ఆగిపోయినాయి. ఎనిమిదింటికల్లా ముప్పై మందీ చేతికి నీలం పట్టీలు, భుజాన తుండుగుడ్డలు, చేతుల్లో సబ్బులతో ఆఫీసు ముందర. సుంకన్న మైకు పట్టుకొని, "స్నానానికి బీచ్ స్పెషల్ ట్రాక్టరు" అన్నాడు. అందరం పోయినాము. నిజం చెప్పల్లంటే, కరేబియన్ సముద్రంలోకి మనుషులు దిగింది అదే మొదటిసారి. హెడ్‌మాస్టరు మోకాలి లోతులో నిలబడి వీపు రుద్దుకున్నాడు. మెర్సీ తలకు షాంపూ పెట్టుకుంది. నేను మొహం తుడుచుకొని వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన లేడు. మమ్మల్ని దింపిన ట్రాక్టరులోనే రిసార్టుకు తిరిగిపోయినాడంట.

ట్రాక్టరు కోసం ఆగలేదు. తడిచీరతో ఆ అర కిలోమీటరూ పరుగెత్తినా. కాళ్లకు ఒండ్రు మట్టి అంటుకొని చెప్పులు ఊడిపోయినాయి. యాడ పడుంటాడో, ఎవరెత్తుకుంటారో అనే తప్ప ఇంకో ఆలోచన లేదు.

వంటశాల వెనక బోరు దగ్గర ఉన్నాడు. కానీ ఎత్తడం లేదు. ఒక గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, చేతిలో కొబ్బరిబోండాంతో కూర్చోనున్నాడు. డప్పు కళాకారులు నలుగురూ వాళ్ల ఊరి నుంచి తెచ్చిన మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి చైను లాగుతున్నారు. బోరులోంచి పైపు పైకి వస్తోంది.

"యోవ్!" అని అరిచినా.

ఆయన బోండాం కింద పెట్టి రెండు చేతులూ చాపి చూపించినాడు. "చూడు రూతమ్మా. మట్టి లేదు. ముట్టుకోలేదు. నోటితోనే చెప్తాండా."

నేను పోయి ఆయన వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసినా. కోపంతో వేసినానో, పట్టుకుందామని వేసినానో నాకే తెలీదు. అంతలో పైపును పట్టి ఉంచే క్లాంపు జారింది. పైపు ఒక్క మూర కిందికి దిగింది. అది పోతే మోటరు బోరులోనే పడిపోతుంది, బోరే పోతుంది. నా చేతి కింద ఆయన ఒళ్లంతా బిగుసుకుపోయింది. ఇరవై ఏళ్ల అలవాటు, లేచిపోతాడనుకున్నా. లేవలేదు. కుర్చీ చేతులు పట్టుకొని, "చైను ఇడవద్దప్పా! ఎడమ పక్క బోల్టు! ఎడమ పక్క!" అని గొంతు చించుకున్నాడు. పెద్ద డప్పు వాయించే ఆయన బోల్టు బిగించినాడు. పైపు ఆగింది.

మా ఆయన కుర్చీ చేతులు వదిలినాడు. కాసేపటికి, "నేను లేయకుంటే పడిపోతాదనుకున్నా" అన్నాడు మెల్లగా. "పడలేదు." కండ్లలో నీళ్లు తిరిగినాయి. నేను బోండాం తీసి చేతికిచ్చినా.

రిజర్వాయరు తగ్గేసరికి బోరులో నీళ్లు కూడా కిందికి పోయినాయంట. మోటరును ఇంకో రెండు పైపులు లోతుకు దించల్ల. పైపులు కొనాలంటే నంద్యాలకు పోవల్ల. మా ఆయన బీచ్ వైపు చెయ్యి చూపించి, "మంచి పైపులు, బోర్డుకు పెట్టినారు" అన్నాడు. సుంకన్న బోర్డు వైపు చూసినాడు, ట్రాక్టరు దిగి ఆఫీసు ముందర మట్టికాళ్లతో నిలబడిన జనాన్ని చూసినాడు. "పీకండప్పా" అన్నాడు. కరేబియన్ పేరు కింద పడింది. పదకొండు ముక్కాలుకు కొళాయిల్లో నీళ్లు వచ్చినాయి. ఆ సాయంత్రం డప్పులు మా ఆయన కుర్చీ చుట్టూ మోగినాయి. పెద్ద డప్పాయన, "మా ఊర్లో కూడా రెండు బోర్లు ఆగినాయి. చెప్పడానికి వస్తావా అన్నా? ఎత్తేది మేమెత్తుతాము" అని అడిగినాడు. ఆయన నా మొహం చూసినాడు. నేను సరేనని తల ఊపినా.

మూడో రోజు పన్నెండున్నరకు రిసార్టు వదిలినాము. పోయేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. నీళ్లు ఉన్నప్పుడు పోండి, లేదా నీళ్ల గురించి అడగకుండా పోండి. సంగటి బాగుంటుంది. చలికి దుప్పటి మీరే తీసుకుపోండి. మనుషులు మంచోళ్లు. మా అత్తను అడిగితే మాత్రం ఆసుపత్రుల్లోకెల్లా అదే మంచిదంటుంది.

నంద్యాలలో మూడు గంటల బస్సు దొరికింది. ఆయన కిటికీ పక్కన కూర్చొని దారిలో కనిపించిన ప్రతి చేనునూ మెర్సీకి చూపించి, ఏ బోరు ఎంత లోతో చెప్తూనే వచ్చినాడు. అయిదూ ముక్కాలుకు మైదుకూరులో దిగినాము. మెర్సీ పై అరలోంచి దించి తెచ్చిన పెద్ద సంచిని ఆయన ఒక నిమిషం చూసి, నా వైపు జరిపినాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మనిషి నన్ను ఒక్క బరువు కూడా మోయనీయలేదు.

నేను సంచి ఎత్తుకొని ముందు నడిచినా. శానా బరువుండింది. ఆయన చేతులూపుకుంటూ నా పక్కన వచ్చినాడు.