కంబళి కట్టిన కిటికీ

వెలుతురంటే నాకు పిచ్చి. అలాంటిది ఆ రోజు సెక్టర్ 2 క్వార్టర్లో వెలుతురు మీదే నాకు ఒళ్ళు మండింది.

మా తెలుగు సంఘం ప్రెసిడెంటు, ఉక్కు ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, ఖుర్సీపార్‌లోని మా ఫోటో స్టూడియోకి కబురు పెట్టాడు. భిలాయి తెలుగువాళ్ళలో మొదటి కవి అని మేమంతా గొప్పగా చెప్పుకునే ఆయన గది ఫోటో కావాలట. సంఘం హాల్లో పెద్దది చేసి పెడతారట. కవి పోయి చాలా ఏళ్ళయింది. ఆ క్వార్టరు కొడుక్కి వచ్చింది, ఇప్పుడు ఆ కొడుకూ రిటైరయ్యాడు. మర్నాడు తాళాలు ప్లాంటుకి అప్పజెప్పేయాలి. అంటే ఆ గదికి ఇదే ఆఖరి ఫోటో.

నేను వెళ్ళేసరికే ప్రెసిడెంటు గదిని అలంకరించేశాడు. కిటికీకి మేకులు కొట్టి బిగించిన నల్లకంబళిని ఊడబీకించి మూల పడేశాడు. బల్ల మీద ఇత్తడి దీపం, కుర్చీ మీద జరీ శాలువా. నాటకం సెట్టు! కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి దుమ్ము మెరుస్తూ తేలుతోంది. బాగుంది, అబద్ధమెందుకు, చాలా బాగుంది. వెంటనే ఒక ఫోటో తీశాను.

అంతలో వంటింట్లోంచి కవిగారి భార్య వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి కేక పెట్టింది.

"ఓలమ్మో! కంబళి ఎవులు పీకేసినారు?"

"నేనే తీయించానమ్మా. కవిగారి గది కదా, థోడా రౌనక్, కాస్త కళ ఉండాలి," అన్నాడు ప్రెసిడెంటు, మైకులో ఉపన్యాసమిచ్చే గొంతుతో.

"ఏటి రౌనకు? ఈ గదిలో పగలు ఎండ ఎప్పుడు సూసినాం? రాత్రి డ్యూటీ దిగి వొచ్చి పగలంతా ఇక్కడే పడుకునీవోడు. పడుకునే కవిత్వం అల్లుకునీవోడు. గిన్నె సప్పుడైతే నా వీపు పగిలీది. పిల్లలు సైగలతో ఆడుకునీవోరు. ఆయన పోనాక నా కొడుకూ అదే డ్యూటీ, అదే కంబళి. ఫోటో తీస్తే ఆ సీకటి తియ్యండి. నేదంటే నడవండి!"

"చీకటిని ఫోటో తీస్తే ఏం కనిపిస్తుంది? జనం నవ్విపోతారు. నువ్వు తియ్యమ్మా," అని నా వైపు తిరిగాడాయన.

నాకు తిక్క రేగింది. ఆ గదితో కాపురం చేసిన మనిషి చెబుతుంటే మధ్యలో ఈయనెవరు? "మీరు కాస్త తప్పుకోండి సార్," అని దీపమూ శాలువా ఆయన చేతుల్లో పెట్టాను. కుర్చీ ఎక్కి కంబళిని మళ్ళీ మేకులకు తగిలించాను. తలుపు మూశాను. కంబళి అంచున సన్నటి గీత తప్ప గది మాయమైంది. కెమెరాను స్టాండు మీద పెట్టి షట్టర్ తెరిచి వదిలేశాను. అంత చీకట్లో బొమ్మ పడాలంటే చాలాసేపు అలాగే ఉంచాలి.

ముగ్గురం నిలబడ్డాం. కాసేపటికి నా చెవి దగ్గర గుసగుస వినిపించింది.

"ఇంకెంతసేపమ్మా?"

ప్రెసిడెంటే! ఇందాకటి మైకు గొంతు ఏమైపోయిందో. మెల్లగా మాట్లాడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"సూసినావా బాబూ," అంది ముసలమ్మ చీకట్లోంచి. "సిటికెలో నీ గొంతు పడిపోనాది. ఇప్పుడిక్కడ ఎవులూ పడుకోనేదు కూడాను. నా పిల్లలు ఇందులోనే పెరిగినారు."

ఆవిడ కూడా గుసగుసగానే అంది.

షట్టర్ మూశాను. బయటికొచ్చాక, మొదట తీసిన ఎండ ఫోటోను ప్రెసిడెంటు చూస్తుండగానే చెరిపేశాను.

"ఇక సంఘంలో ఎవరి పెళ్ళి ఫోటోలకీ నిన్ను పిలవరు, గుర్తుపెట్టుకో," అన్నాడు. మైకు గొంతు మళ్ళీ వచ్చేసింది.

"పిలవకపోతే మానండి," అన్నాను. "నా దగ్గర ఉన్నది ఆ చీకటొక్కటే. హాల్లో పెడితే అదే పెట్టుకోండి."