అక్క మధ్యాహ్నం నిద్ర

మా బావ పెద్ద పెద్ద భవనాల పైకప్పులకి తెల్లరంగు వేస్తాడు. మామూలు సున్నం కాదు, ఎండని వెనక్కి కొట్టే రంగు. లోపల ఏసీలు ఎటూ తిరుగుతూనే ఉంటాయి. పైన ఈ రంగు కూడా వేయించి, గుమ్మంలో ‘భూమిని చల్లబరుస్తున్నాం’ అని బోర్డు పెట్టుకుంటారు. మా అక్క ఉండే రేకుల గది ఆ భూమి మీద లేదు కాబోలు.

అక్క ఆ గదిలో కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుడుతుంది. ఎండాకాలం చెమటకి చేతిలో సూది నిలవదు. పెళ్లయ్యాక ఆమె బావని నగలడగలేదు, సినిమాలడగలేదు. "ఒక్క మధ్యాహ్నం ఒళ్లెరగకుండా పడుకోవాలనుందండీ" అనేది.

బావ మాటల్లో పిసినారే గానీ మనిషి మొండివాడు. మేస్త్రినడిగి డబ్బాల అడుగున మిగిలిన రంగు గోకి తెచ్చి, ఒక ఆదివారం రేకులకి వేశాడు. మర్నాడు నేను వెళ్లేసరికి అక్క నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఒళ్లో సగం కుట్టిన చొక్కా. నాకు లేపబుద్ధి కాలేదు.

ఆ సుఖం ఎన్నాళ్లో నిలవలేదు. అద్దె వసూలుకని వచ్చిన ఇంటాయన, ఎప్పుడూ గడప దాటి లోపలికి రానివాడు, ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తాపీగా మంచినీళ్లు తాగాడు. వెళ్తూ వెళ్తూ అద్దె పెంచాడు.

"రంగు నాదే కదండీ" అన్నాడు బావ.

"రేకులు నావి కదయ్యా" అన్నాడాయన.

ఆ అద్దె వీళ్ల తాహతుకి మించింది. ఇంకో వీధిలో ఇంకో రేకుల గదికి మారారు. బావ మళ్లీ రంగు పోగేసి నిచ్చెన వేస్తే, అక్క ఎక్కనివ్వలేదు.

"వద్దండీ. చల్లబడిందంటే ఇక్కణ్ణుంచీ పొమ్మంటారు."

నాకు ఒళ్లు మండింది. ఉక్కపోతని కాపలా పెట్టుకుని బతకాలా మనుషులు?

కొన్నాళ్లకి పాత ఇంటాయన బావకే కబురు పెట్టాడు, కొత్తవాళ్లు దిగేలోగా ఆ రేకులకి ఇంకో పూత వెయ్యమని. సిగ్గూ ఎగ్గూ ఉంటేగా. కూలి వదులుకోలేక బావ వెళ్లాడు. మధ్యాహ్నం అక్కా నేనూ క్యారేజీ తీసుకెళ్లాం. బావ తిని మళ్లీ పైకెక్కాడు. అక్క ఖాళీ గదంతా కలయజూసి, వట్టి నేలమీదే ఒరిగింది. నాతో రెండు మాటలు మాట్లాడేలోపే నిద్రపోయింది.

అంతలో కొత్తవాళ్లు సామాను బండితో దిగారు. మొగుడూ పెళ్లామూ, ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. నేను కంగారుగా అక్కని తట్టబోయాను. పైనుంచి బావ గొంతు వినిపించింది.

"రంగింకా ఆరలేదండీ. కాసేపు ఆగి దించుకోండి."

పైన రంగు ఆరకపోతే కింద సామాను దించడానికేమిటని ఆ మొగుడు అడగబోయాడు. ఈలోగా ఆవిడ గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసింది. నిద్రపోతున్న అక్కని చాలాసేపు చూసి, చప్పుడు కాకుండా వెనక్కొచ్చి మెట్టు మీద కూర్చుంది.

"ఆరనివ్వండి" అంది మొగుడితో.