పొయ్యి పక్కన కూర్చున్న దేవదానం గారు

దేవదానం గారిదే అనుకుని ఆ తంతిని నేను నవ్వుతూనే విప్పాను. సెలవుల్లో ఎక్కడికి వెళ్లినా నాలుగు మాటల తంతి కొట్టి నన్ను నవ్వించడం ఆయనకు అలవాటు. కిందటి వేసవిలో పత్తికొండ నుంచి ‘బండి విరిగింది, నేను క్షేమం, ఎద్దులకు సంతోషం’ అని ఒకటి పంపారు. ఈసారి తంతి బద్వేలు నుంచి వచ్చింది. పంపినవారు ఆయన తమ్ముడు. అన్నగారు గుండె ఆగి మరణించారని అందులో ఉంది. మళ్లీ చదివాను. నమ్మశక్యం కాలేదు. నాలుగు రోజుల క్రితమే బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి, నా గొడుగు లాక్కుని, “కర్నూల్లో నీకు గొడుగెందుకప్పా, వానొచ్చి ఎన్నాళ్లయింది!” అని పరిహాసమాడిన మనిషి. నలభై మూడేళ్లు. ఆ గొడుగు ఆయనతోనే వెళ్లిపోయింది.

మా కళాశాలలో ఆయన అర్థశాస్త్రోపన్యాసకులు, నేను చరిత్రోపన్యాసకుణ్ణి. ఏడేళ్లు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాము. బద్వేలు దగ్గర ఒక పల్లెలో, క్రైస్తవ కూలి కుటుంబంలో ఆయన పుట్టారు. మూడో ఏట జ్వరం తగిలి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. తల్లి మార్తమ్మ గారు చంకనెత్తుకుని మిషన్ బడికి మోశారు. పన్నెండో ఏట చంకకర్రలు పట్టి, ఇక దించమన్నారట. ఆ కర్రలతోనే మద్రాసులో పట్టభద్రులై, అర్థశాస్త్రంలో ప్రథమశ్రేణి సాధించి కర్నూలు చేరారు.

ఆయన చేరిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. తరగతి మేడ మీద ఉంది. కర్రలు రెండూ ఒక చేత పట్టుకుని, మెట్ల మీద కూర్చుని, వెనక్కి వెనక్కి ఒక్కొక్క మెట్టే ఎక్కడం మొదలుపెట్టారు. విద్యార్థులు ఎత్తుకుందామని పరుగెత్తారు. “యాడికప్పా? నేను ఎక్కుతాండేది మెట్లు, పల్లకీ కాదు. పోయి కూసోండి!” అన్నారు. పది నిమిషాలకు పైకి చేరి, పంచె దులుపుకుని, శ్రమ విలువ గురించి పాఠం ఆరంభించారు. తరగతి అంతా గొల్లున నవ్వింది. అందరికన్నా పెద్దగా నవ్వింది ఆయనే.

ఆ సాయంకాలమే ప్రిన్సిపాలు గారి దగ్గరికి వెళ్లి తరగతిని కిందికి మార్చమని అడిగారు. ఒక్కరికోసం గదులు మార్చడం ఎలాగని ఆయన సంశయించారు. “నా ఒక్కనికోసం కాదు సార్. నేను ఎక్కేంతసేపూ అరవై మంది ఊరికే కూసుంటాండారు. నష్టం వాళ్లది,” అన్నారు దేవదానం గారు. మర్నాడు తరగతి కిందికి వచ్చింది.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రభుత్వ కచేరీలన్నీ డేరాల్లో నడిచేవి. ఊరంతా ఆ దుమ్మునూ ఎండనూ తిట్టుకునేది, ఈయన మాత్రం మురిసిపోయేవారు. “డేరాలకు మెట్లుండవు గదప్పా! ఈ సర్కారు నాకోసమే వచ్చినట్ల ఉండాది,” అనేవారు.

కాని ఆ డేరాల్లో ఒకదాని నుంచే ఆయన మెడ మీద కత్తి వేలాడింది. ఉద్యోగం ఖాయం కావాలంటే, అందులో భాగమైన గ్రామ పరిశోధనకూ పనికొస్తారని వైద్యుని ధ్రువపత్రం ఉండాలి. పరీక్షించిన వైద్యుడు ‘గ్రామ పరిశోధనకు అనర్హుడు’ అని రాశారు. ఏడాది ముగిసేలోగా అది మారకపోతే ఉద్యోగం పోయినట్టే. అప్పటికే ఆయన పత్తికొండ ప్రాంతపు పల్లెల్లో, కరువు నెలల్లో జనం ఏమి తింటున్నారనే విషయంపై రెండేళ్లుగా పరిశోధన చేస్తున్నారు. నేను కోపంతో ఊగిపోతూ అర్జీ రాద్దామన్నాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని తిన్నగా ఆ వైద్యుని ఇంటికి వెళ్లారు.

“ఒక్క దినం నాతో రాండి సార్. చూసినాక మీరేం రాసినా నాకు సమ్మతమే,” అన్నారు.

కోస్తా ప్రాంతం నుంచి వచ్చిన ఆ వైద్యుడు సజ్జనుడే. కాసేపు తటపటాయించి ఒప్పుకున్నారు. ఆదివారం ముగ్గురమూ బస్సులో పత్తికొండ చేరి, అక్కడి నుంచి ఎద్దులబండిలో ఒక కూలిపేటకు వెళ్లాము. దేవదానం గారు బండి అంచు నుంచి కర్రల మీదికి దిగి, ఒక గుడిసె ముంగిట్లో పొయ్యి పక్కన నేల మీద చతికిలబడ్డారు. ఆ ఇంటి ఇల్లాలు సుంకమ్మ రొట్టెలు తడుతోంది.

“శానా దినాలకు వచ్చినావే సారూ! ఈయప్ప ఎవురు?” అంది.

“డాక్టరు. నేను ఊర్లు తిరగగలనో లేనో చూసేకి వచ్చినాడు.”

సుంకమ్మ చేతిలో పిండి అలాగే ఆగింది. “తిరిగేదెందుకు? తిరిగే సార్లు శానామంది వచ్చిరి. వీధిలో నిలబడి, మా ఇంటాయన్ని అడిగి, రాసుకోని పోయిరి. పొయ్యికాడికి ఎవురొచ్చిరి?”

“మరి మీ ఆయన ఏం చెప్పాడమ్మా?” అన్నారు వైద్యుడు.

“ఆయప్పకు పెట్టిందే ఆయప్ప చెప్పినాడు, రెండు పూటలా జొన్నరొట్టె అని. మేం తినింది ఆయప్పకేం తెలుసు? చేను గట్ల మీది గురుగాకు కోసకొచ్చి ఉడకేసుకుంటిమి. అదీ లేనప్పుడు చింతగింజలు వేంచుకుంటిమి. ఈ సారు కూసోని అడిగితే చెప్పినాము.”

చూస్తుండగానే ఆరేడుగురు ఆడవాళ్లు పోగయ్యారు. ఆయన అడుగుతూ, వేళాకోళం చేస్తూ, రాసుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి ఎండలో నిలబడి ఉన్న వైద్యునికి కళ్లు తిరిగాయి. సుంకమ్మ మజ్జిగ ఇచ్చి ఆయననూ నేల మీద కూర్చోబెట్టింది. తిరుగు ప్రయాణంలో బండి మీద పడుకునే వచ్చారాయన. ఆ వారమే ‘సర్వథా అర్హుడు’ అన్న కొత్త ధ్రువపత్రం చేతికి వచ్చింది. “మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి సార్, ఎండకు మీరు పనికొస్తారో లేదో,” అన్నారట దేవదానం గారు. ఇద్దరూ మిత్రులైపోయారు.

అన్ని ఇళ్లలోనూ ఇలా జరగలేదని చెప్పడం ధర్మం. పెద్దవీధుల్లో ఆయనను పొయ్యి దాకా రానిచ్చినవారు లేరు. కర్రలతో దాటగల గడపలను కులం దాటనివ్వలేదు. అక్కడ అరుగు కింద కూర్చుని అడిగేవారు. అలాంటి రోజుల్లో తిరుగు బండిలో ఆయన వేళాకోళాలు ఉండేవి కావు.

కడపలో జరిగిన ఒక సభలో మద్రాసు పండితులొకరు ఆయనను ప్రశంసిస్తూ, అంగవైకల్యమే ఆయనకు వరమైందని సెలవిచ్చారు. దేవదానం గారు కూర్చున్నచోటి నుంచే, “వరమైతే మీకిచ్చేస్తా సార్, తీసుకోండి,” అని కర్రలు చాపారు. సభ నవ్వులతో దద్దరిల్లింది. బస్సెక్కాక మాత్రం నాతో నెమ్మదిగా అన్నారు: “ఆ ఆడోళ్లు తినేది నాకు కాళ్లు లేనందుకు తెలిసింది కాదప్పా. అడగాలని తోచినందుకు తెలిసింది. కాళ్లుండేటోళ్లు నేల మీద కూసోకూడదని ఎవురన్నారు?” ఏడేళ్ల సాంగత్యంలో నేను విన్న మాటల్లో ఇది శిరోధార్యమైనది.

అంత్యక్రియలు ముగిసిన మర్నాడు, వాళ్ల పల్లెలో, ఆయన నోటు పుస్తకాలతో మార్తమ్మ గారి ముందు కూర్చున్నాను. మొదటి పుస్తకంలో మొదటి పేరు ఆమెదే. పరిశోధన తన ఇంటితోనే ఆరంభించారన్నమాట. ఏముందో చదవమన్నారామె. ఆయన బాల్యంలో వచ్చిన కరువు గురించి రాసుకున్నది చదివాను: ‘పిల్లలకు సంగటి. తల్లికి గంజి.’

“అది తప్పప్పా,” అన్నారు మార్తమ్మ గారు. “నాకు గంజి గూడా ల్యా. వాడు బాధపడతాడని అట్ల చెప్పినా.”

నేను పుస్తకం మూయబోయాను.

“దిద్దు,” అన్నారామె. “తప్పుంటే వానికి నచ్చదు.”

గంజి అన్న మాట కొట్టివేసి, ‘ఏమీ లేదు’ అని రాశాను. ఈ నిజం కోసం ఎంత ఓర్పుతోనైనా తల్లి పక్కన కూర్చోగల ఒకే ఒక్కడు, అది వినకుండానే చర్చి వెనుక మట్టిలో నిద్రిస్తున్నాడు. ఆ సత్యాన్వేషికి, ఆ హాసమూర్తికి, నేల మీద కూర్చునే ఈ నమస్సు సమర్పిస్తున్నాను.