మళ్ళీ డాక్టరుగారి పదో మనిషి

ఏ పనైనా పదోసారి వచ్చిందంటే దాన్ని రెండుసార్లు చేస్తేగానీ మళ్ళీ డాక్టరుగారికి మనసు కుదుటపడదు. ఆయన అసలు పేరు ఆరోగ్యశాఖ కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, మనుషుల నోళ్ళలో మాత్రం 'మళ్ళీ డాక్టరు' అన్న పేరే స్థిరపడిపోయింది. ఆయన పళ్ళ డాక్టరు. అలాగని పళ్ళు పీకరు, కట్టరు. ఎంతమంది నోళ్ళలో ఎన్ని పళ్ళు పుచ్చాయో, ఎన్ని ఊడాయో లెక్క తీయడమే ఆయన ఉద్యోగం. బళ్ళకీ, కర్మాగారాలకీ మడతకుర్చీ మోయించుకుని వెళతారు. నుదుటిమీద దీపం కట్టుకుని, చిన్న అద్దం పట్టుకుని, వచ్చినవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూస్తూ ఒక్కో పన్నుకీ ఒక్కో అంకె పలుకుతారు.

ఆ అంకెల్ని పక్కన కూర్చుని గళ్ళ కాగితంలో వేసే ఆవిడ రాతమ్మ. ఆవిడకీ పేరుంది, కానీ రాసీ రాసీ ఆ పేరు కూడా అరిగిపోయింది. పదిహేనేళ్ళుగా ఆయన పలకడం, ఈవిడ వెయ్యడం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆవిడకి అన్నం సయించదు. ఆవిడ చేత ఒక తప్పు అంకె వేయించడం కంటే దవడపన్ను పీకించుకోవడం తేలికని ఆఫీసులో అందరూ అనుకుంటారు.

ఈ అంకెల్లో ఒక తిరకాసు ఉంది. సున్నా అంటే పన్ను నిక్షేపంగా ఉందని. ఒకటి అంటే పుచ్చిందని. నాలుగు అంటే పుచ్చి ఊడిపోయిందని. ఈ సంగతి తెలియని ఒక తండ్రి, తన కొడుక్కి వరసగా సున్నాలు పడుతుంటే విని, పరీక్షల్లోనూ సున్నాలే, పళ్ళలోనూ సున్నాలేనా అని అక్కడికక్కడే చెవి మెలేశాడు. తరవాతి పిల్లవాడికి ఒకట్లూ నాలుగులూ పడుతున్నాయి. వాణ్ణి చూసి బుద్ధి తెచ్చుకోమన్నాడు. ఆ తండ్రికి నచ్చజెప్పేసరికి రాతమ్మ గొంతు తడారిపోయింది.

ఇక పదో మనిషి సంగతి. చూసేవాడి కన్ను పొద్దున ఒకలా ఉంటుంది, ఆకలివేళ ఇంకోలా ఉంటుంది. ఖాళీ కడుపుతో పుచ్చులా కనిపించిన నల్లచుక్క, భోజనం అయ్యాక ఉత్త మరకలా కనిపించవచ్చు. అందుకని ప్రతి పదో మనిషినీ కాసేపాగి మళ్ళీ కూర్చోబెట్టి, మొదటి కాగితం చూడకుండా మళ్ళీ అంకెలు పలకాలి. రెండు కాగితాలూ కలిస్తే కన్నుని నమ్మవచ్చు. ఇది ఆ పనిలో అందరూ పాటించే నియమమే. మిగతా డాక్టర్లు సాయంత్రం కుర్చీతోపాటు ఆ నియమాన్ని కూడా మడిచి పెట్టి ఇంటికి పోతారు. మన డాక్టరుగారు మాత్రం దాన్ని వెంటబెట్టుకుని వీధిలోకి వచ్చేశారు.

వీధిలో ఆయన పదో నమస్కారం ఎవరికి తగిలిందో వాళ్ళ పని అయిపోయినట్టే. కులాసానా అని అడిగి, కులాసాయే అనిపించుకుని, నాలుగిళ్ళు దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి కులాసానా అని అడుగుతారు. ఇప్పుడేగా చెప్పానని అవతలివాళ్ళు విసుక్కుంటే, "అప్పుడూ కులాసాయే, ఇప్పుడూ కులాసాయే. కలిసింది" అని సంబరపడిపోతారు. మందుల షాపాయన ఈ బాధ పడలేక, ఆయన మలుపు తిరగడం చూడగానే రెండు నమస్కారాలూ ఒకేసారి పెట్టేసి లోపలికి తప్పుకునేవాడు.

సెలూన్లో పదో క్షవరం అయిందా, మర్నాడు మళ్ళీ ప్రత్యక్షం. "కత్తిరించడానికి నేనేం మిగిల్చానండీ?" అని సెలూనాయన లబోదిబోమన్నాడు. నిన్నటి చెయ్యే ఇవాళా ఉందో లేదో చూద్దామని డాక్టరుగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. చేసేదిలేక అతను పావుగంటసేపు ఆయన తల చుట్టూ ఉత్త గాల్లో కత్తెర ఆడించి పంపించాడు. చెయ్యి అదేనని ఆయన మెచ్చుకున్నారు కూడా.

అన్నిటికన్నా పెద్ద కథ వాళ్ళావిడది. పాతికేళ్ళ కిందట ఒక పార్కులో బెంచీమీద కూర్చుని, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని ఆయన అడిగారట. ఆవిడ సిగ్గుపడుతూ సరేనంది. వారం తిరక్కుండా అదే బెంచీ, అదే ప్రశ్న. మొన్ననే చెప్పాను కదండీ అంటే, కలిసింది అని మురిసిపోయారట. ఆయన మళ్ళీ అడిగేది పదోవాళ్ళనేనని పెళ్ళయ్యాకగానీ ఆవిడకి తెలియలేదు. తెలిసిన రోజు నుంచీ, ఆ ముందటి తొమ్మిదిమంది ఎవరో చెప్పమని నిలదీస్తూనే ఉంది. పాతికేళ్ళుగా ఎందరి నోళ్ళో తెరిపించిన మనిషి ఆ ఒక్క విషయంలో తన నోరు తెరవలేదు.

ఇలాంటి మనిషి మళ్ళీ రమ్మంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు? ఆయన కుర్చీ వేసిన ప్రతి చోటా అదొక వేడుక. పదో మనిషి దొరికాడని చప్పట్లు కొట్టేవాళ్ళు, వాడి వీపు చరిచేవాళ్ళు. వాడు కూడా నవ్వుకుంటూ తెర వెనక్కి వెళ్ళి మళ్ళీ నోరు తెరిచేవాడు.

అయితే ఇన్నేళ్ళూ కాగితంలోంచి తల ఎత్తని రాతమ్మ కంట రెండేళ్ళ కిందట ఒక సంగతి పడి, అప్పట్నుంచీ ఆవిణ్ణి నలిపేస్తోంది. పదో మనిషి, ఇరవయ్యో మనిషి, ముప్పయ్యో మనిషి, ఇవన్నీ సక్రమంగానే ఉన్నాయి. మధ్యలో ఎప్పుడో ఒకసారి ఏ పదిహేడోవాణ్ణో, ఏ ముప్పైమూడో ఆవిణ్ణో పట్టుకుని, పదో మనిషి మీరేనంటూ తెర వెనక్కి పంపేవారు. అక్కడ రాతమ్మని పిలిచేవారు కాదు. ఏదో తనే రాసుకుని, నీలం అట్ట ఫైల్లో పెట్టుకునేవారు. ఆ కాగితాలు లెక్కలోకి వచ్చేవి కావు. ఒకరోజు ఉండబట్టలేక అడిగితే, "నా లెక్క నాది రాతమ్మా" అని ఊరుకున్నారు. పాపం పెద్దవారవుతున్నారు, లెక్క తప్పుతున్నారు అని ఆవిడకి దిగులు పట్టుకుంది. పైవాళ్ళకి చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే తన అంతరాత్మ ఊరుకోదు. అందుకని మధ్యేమార్గంగా, ఆయన లెక్క తప్పినప్పుడల్లా గట్టిగా దగ్గేది. మూడోసారి దగ్గేసరికి ఆయన దగ్గుమందు కొనితెచ్చి, పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా అని చెప్పి ఇచ్చారు.

ఇలా ఉండగా ఒక సోమవారం బస్సుడిపోకి వెళ్ళారు. డ్రైవర్ల విశ్రాంతి గదిలో బల్లలు గోడకి జరిపి, కిటికీ వెలుగులో కుర్చీ వేశారు. మూల ఒక దుప్పటి కట్టి తెర చేశారు. గదంతా డీజిలు వాసన. వరసలో నాలుగో మనిషి రాతమ్మ సొంత అన్నయ్య.

అన్నయ్య బస్సు డ్రైవరు. కునుకు రాకుండా ఉంటుందని ఇరవై ఏళ్ళుగా ఎడమ బుగ్గలో పొగాకు నొక్కుకుని బండి నడుపుతాడు. మానెయ్యమని రాతమ్మ బతిమాలింది, తిట్టింది, ఒకసారి ఆ డబ్బా ఎత్తుకెళ్ళి పారేసింది కూడా. అరవైమందిని ఎక్కించుకుని కొండదారి మలుపులు చులాగ్గా తిప్పేసే మనిషి ఆసుపత్రి గేటు చూస్తే మాత్రం వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు. డిపోలో డాక్టరుగారి నడకా, మాటా అనుకరించి అందర్నీ నవ్వించేది కూడా ఇతనే. కుర్చీలో కూర్చునే ముందు కూడా, కలిసింది అని అచ్చం ఆయన గొంతుతో అని చప్పట్లు కొట్టించుకున్నాడు.

డాక్టరుగారు అంకెలు మొదలుపెట్టారు. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. ఎడమవైపుకి వచ్చాక అద్దం బుగ్గ లోపల ఆగింది. రాతమ్మ కలం కూడా ఆగింది. కాసేపటికి మళ్ళీ అదే గొంతుతో అంకెలు నడిచాయి, ముప్పైరెండు గళ్ళూ నిండాయి. అప్పుడు ఆయన, "డ్రైవరుగారూ, పదో మనిషి మీరే. ఆ తెర వెనక కూర్చోండి, ఇద్దర్ని చూసి వస్తాను" అన్నారు.

గది గొల్లుమంది. రాతమ్మకి దగ్గు రాబోయి గొంతులోనే ఆగిపోయింది. పళ్ళెంలో పెట్టాల్సిన అద్దాన్ని ఆయన ఇంకా చేతిలోనే బిగించి పట్టుకున్నారు. ఇదివరకు ఇలాగే తెర వెనక్కి పంపినవాళ్ళు ఆవిడకి గుర్తొచ్చారు. ఆ పదిహేడోవాడు ఒక దర్జీ. తరవాత కొన్నాళ్ళకి పెద్దాసుపత్రి వరండాలో డాక్టరుగారి పక్కన అతను కూర్చుని ఉండగా రాతమ్మ చూసింది, బంధువేమో అనుకుంది. ముప్పైమూడో ఆవిడ బట్టలుతికే యంత్రాల దగ్గర పనిచేసే మనిషి. ఆవిణ్ణి కూడా ఆ ఆసుపత్రి గేటు దగ్గరే ఈయన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే చూసింది. వీళ్ళెవరూ పదోవాళ్ళు కారు. అన్నయ్య కూడా కాడు. ఇది లెక్క తప్పడం కాదు, నోట్లో ఏదో చూసి పంపడం.

అంతలో అన్నయ్య వెనక నిలబడ్డ కండక్టరు అడ్డం వచ్చాడు. తలకాయలు లెక్కపెట్టడమే అతని వృత్తి.

"ఆగండాగండి. నేను ఐదోవాణ్ణి. అంటే ఈయన నాలుగోవాడేగా? పదెలా అయ్యాడు?"

డాక్టరుగారు నుదుటిమీది దీపం సర్దుకున్నారు. ఇన్నేళ్ళలో అందరిముందూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. బండి టైమైందంటూ అన్నయ్య కుర్చీలోంచి సగం లేచాడు కూడా. ఇప్పుడు ఈ గుమ్మం దాటాడంటే ఇక ఏ డాక్టరుకీ చిక్కడని రాతమ్మకి తెలుసు. ఆ బుగ్గలో ఉన్నదేమిటో అది అక్కడే ఉండి పెరుగుతుంది.

ఆవిడ తల ఎత్తలేదు. కాగితం సర్దుకుంటూ, "నిన్న చూసినవాళ్ళు ఆరుగురు మిగిలిపోయారు. ఆరూ నాలుగూ పది. అన్నయ్యే పదోవాడు" అంది.

కండక్టరు వేళ్ళమీద లెక్కపెట్టుకుని, సరిపోయింది అని ఒప్పుకున్నాడు. అన్నయ్య చెల్లెలివంక ఒక క్షణం చూశాడు. టోపీ తీసి మేకుకి తగిలించి, మారుమాట్లాడకుండా తెర వెనక్కి వెళ్ళాడు. ఆ తరవాత చూసిన ఇద్దరి కాగితాల్లో రాతమ్మ మూడు చోట్ల కొట్టేసి రాసింది. అలా కొట్టివేతలు పడటం పదిహేనేళ్ళలో అదే మొదలు.

మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట ఆవిడ డాక్టరుగార్ని నిలేసింది. ఆయన సబ్బు రుద్దుకుంటూ చెప్పారు. బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉంది. ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ అదేమిటో చెప్పలేం. గురువారం రావడానికి ఒప్పుకున్నాడు.

"మరి అందరికీ పదో మనిషి అని ఎందుకు చెప్పడం? ఉన్నమాట చెప్పొచ్చుగా?"

"ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్నమాటే చెప్పానమ్మా. ఒక బళ్ళో వంటావిడ. నోట్లో మచ్చ చూసి, మీరొక్కరూ ఆగండి అన్నాను, అందరిముందూ. సాయంత్రానికల్లా ఆవిడకేదో పెద్దరోగమని బడంతా పాకిపోయింది. ఆవిడ చేతి అన్నం పిల్లలకి పెట్టొద్దన్నారు. మర్నాటినుంచి ఆవిడ పనిలోకీ రాలేదు, ఆసుపత్రికీ రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు."

ఆయన కుళాయి కట్టేశారు. జబ్బున్నవాళ్ళని మాత్రమే మళ్ళీ పిలిస్తే, పిలుపే వాళ్ళని పట్టిస్తుంది. అదే అందర్నీ పిలిచే పిచ్చిమాలోకం ఎవడైనా ఉంటే, వాడు పిలిచాడని ఎవరూ కంగారుపడరు. అందుకని ఆ పిచ్చిమాలోకం తనే అయ్యారు. రాతమ్మకి ఆయన్ని చూస్తే కడుపు నిండిపోయింది. ఇంతకాలం దగ్గినందుకు సిగ్గేసింది.

"అయితే సెలూన్లో, వీధిలో, అదంతా నాటకమేనా?"

డాక్టరుగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిజాయితీగా ఆలోచించారు. "మొదట్లో నాటకమే. తరవాత్తరవాత బాగుందనిపించింది."

గురువారం అన్నయ్యకి అటొకరు ఇటొకరు నిలబడి ఆసుపత్రి గేటు దాటించారు. ముక్క తీశారు. పదిరోజులకి ఫలితం వచ్చింది. మచ్చ ఇంకా చెడ్డగా మారలేదు, ఇంకో ఏడాది ఊరుకుంటే మారేదేమో, ఇప్పుడు తీసేస్తే సరిపోతుంది, పొగాకు మాత్రం జన్మలో ముట్టకూడదు అన్నారు. డాక్టరుగారు ఆ ఆసుపత్రి డాక్టర్ని బతిమాలి, మైక్రోస్కోపు కింద ఆ ముక్కని మళ్ళీ చూడమన్నారు. రెండోసారీ అదే మాట వచ్చింది. ఆ రోజు ఆయన కలిసింది అంటుంటే రాతమ్మ ఏడ్చినంత పనిచేసింది.

మచ్చ తీసేశాక, బుగ్గలో దూదితో అన్నయ్య వరండాలో బెంచీమీద కూర్చున్నాడు. డాక్టరుగారు మందులకోసం వెళ్ళారు. అన్నయ్య ముద్దమాటలతో, "ఆ మిగిలిపోయిన ఆరుగురూ ఎలా ఉన్నారే?" అన్నాడు.

"ఏ ఆరుగురు?"

"డిపోలో చెప్పావుగా, నిన్న చూసినవాళ్ళని. ఆ నిన్న ఆదివారమే చెల్లీ. పొద్దుట్నుంచీ మా ఇంట్లో నాతో పేకాట ఆడుతూ కూర్చున్నావు."

రాతమ్మ నిర్ఘాంతపోయింది. "తెలిసే తెర వెనక్కి వెళ్ళావా?"

"నువ్వు పుట్టాక తప్పులెక్క చెప్పడం అదే మొదటిసారి. నీచేత అబద్ధం ఆడించిందంటే ఇదేదో ఆషామాషీ వ్యవహారం కాదనుకున్నా. ఆసుపత్రంటే భయమే, కానీ అప్పుడు నీ మొహం చూస్తే అంతకన్నా ఎక్కువ భయమేసింది." దూది సర్దుకుని, గొంతు తగ్గించాడు. "ఆదివారం సంగతి ఆ కండక్టరుకి మాత్రం చెప్పకు. డాక్టరుగారి లెక్క తప్పని ఎవరన్నా అంటే చాలు, వాడు కొట్లాటకి దిగుతున్నాడు. ఆరూ నాలుగూ పది కాదంటే బస్సు ఎక్కనివ్వనంటున్నాడు."

ఇది ఆసుపత్రండీ అని నర్సు వచ్చి కసిరేదాకా అన్నాచెల్లెళ్ళు నవ్వుతూనే ఉన్నారు.