సుక్రు బోర్లించిన గ్లాసు

పనసగెడ్డకు కొళాయి తెచ్చినవాడు కొర్రా సుక్రు. కొండ మీది ఊట నుంచి పైపు దింపి, ఊరి నడుమ సిమెంటు దిమ్మకు కొళాయి బిగించేదాకా అతను మండలం ఆఫీసుకు పదిహేడుసార్లు నడిచాడు. పోను పద్నాలుగు కిలోమీటర్లు, రాను పద్నాలుగు. పదహారుసార్లు రేపు రమ్మన్నారు. పదిహేడోసారి ఇంజనీరే జీపెక్కి వచ్చాడు. దిమ్మ ఆరకముందే సుక్రు మేకుతో దాని మీద తేదీ గీశాడు: 3-12-1994. ఆ రోజు ఊరిపెద్ద యర్రయ్య కొళాయి కింద తల పెట్టి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అక్కడితో ఆగిన మనిషి కాదు. చదివింది అయిదో తరగతే గాని, తొంభై ఏడులో రేషను బియ్యం ఊళ్ళోకే వచ్చేలా చేశాడు. తొంభై తొమ్మిదిలో బడికి రేకుల కప్పు వేయించాడు. ఇరవై ఏడు గడపల ఊరికి ఇన్ని పనులు చేసిన మనిషి ఆ చుట్టుపట్ల లేడు. అందుకే రెండువేల రెండులో మండలంవాళ్ళు గ్రామవాసుల సలహా సంఘం పెట్టినప్పుడు, కొండ ఊళ్ళ తరఫున అతని పేరే రాసుకున్నారు. సుక్రు పెళ్ళినాటి తెల్లచొక్కా తీయించి ఉతికించుకున్నాడు.

"కుర్చీ ఏత్తారా నీకు?" అని నవ్వింది భార్య దేముడమ్మ.

"ఏత్తారు. టీ కూడా ఇత్తారు."

"అయితే నానూ వత్తాను. టీ నాకు, కుర్చీ నీకు."

మొదటి రెండు సమావేశాలూ బాగానే జరిగాయి. వెళ్ళగానే రిజిస్టరులో సంతకం, తర్వాత టీ, తర్వాత మాటలు. ఒకసారి సంత దగ్గర మరుగుదొడ్ల గురించి, ఒకసారి వీధిదీపాల గురించి. సుక్రు రెండుసార్లూ టీ తాగాడు. ఒప్పుకున్నాడు కనుక తాగాడు.

పనసగెడ్డలో పద్ధతి అది. ఊరు కూర్చున్నప్పుడు ప్రతి ఇంటి పెద్ద ముందూ ఒక అడ్డాకు దొప్ప పెడతారు. మాట నచ్చినవాడు అందులో జీలుగు కల్లు పోయించుకుని తాగుతాడు. నచ్చనివాడు దొప్ప బోర్లిస్తాడు. ఒక్క దొప్ప బోర్లపడి ఉన్నా ఆ పని ఆగిపోవలసిందే. బోర్లించినవాడు నోరు విప్పడు. విప్పితే తగాదాకు వచ్చినట్టు.

రెండువేల మూడు ఆగస్టులో మూడో సమావేశం. రోడ్డుపనికి కంకరరాయి కావాలనీ, పనసగెడ్డ పైనున్న కొండవాలు అందుకు అనువుగా ఉందనీ గుమాస్తా సర్వేశ్వరరావు చదివాడు. ఊట ఉన్నది ఆ వాలులోనే. టీ పోసే అప్పలస్వామి దగ్గరికి వచ్చేసరికి, సుక్రు తన ముందున్న స్టీలు గ్లాసును బల్ల మీద బోర్లించాడు.

"ఏటి సుక్రన్నా, టీ మానీసినావా?"

సుక్రు గ్లాసు మీద అరచెయ్యి ఉంచి తల అడ్డంగా ఊపాడు.

"జొరం గాని తగిలిందేటి? పాలు తెమ్మంటావా?"

పక్కవాళ్ళు నవ్వారు. ఎవరికైనా అభ్యంతరమా అని సర్వేశ్వరరావు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ సుక్రు నిటారుగా కూర్చుని గ్లాసు వైపే చూశాడు. అంత నిండు సభలో, అంతమంది పెద్దల నడుమ, ఒక్కడే గ్లాసు బోర్లించడం సామాన్యం కాదు.

ఊరి మొదట్లోనే మేనబావ గాసి ఎదురొచ్చాడు.

"ఏటయ్యింది బావా?"

"ఆపీసినాను."

ఆ సాయంత్రం ఇంటింటా అతని పేరే.

నలభై రోజులకు కొండ మీదికి యంత్రం ఎక్కింది. సుక్రు పరుగున మండలానికి వెళ్ళాడు. సర్వేశ్వరరావు రిజిస్టరు తెరిచి చూపించాడు. తీర్మానం కింద అందరి సంతకాలతోపాటు సుక్రుదీ ఉంది.

"ఇది నాను వచ్చినందుకు ఎట్టిన సంతకం బాబూ, ఒప్పుకున్నందుకు కాదు. నా గ్లాసు బోర్లించి ఉంది. మీరందరూ సూసినారు గదా."

సర్వేశ్వరరావు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "టీ వద్దన్నావనుకున్నాం సుక్రూ. ఒక్క మాట పైకి అని ఉంటే రాసుకునేవాళ్ళం."

"బోర్లించాక మాటాడితే మావోళ్ళలో తప్పు బాబూ."

"పని మొదలైపోయిందయ్యా. ఇప్పుడు నా చేతిలో లేదు."

మందుగుండు పేలిన ప్రతిసారీ ఊళ్ళో కుండలు కదిలేవి. నవంబరులో కొళాయి నీరు ఎర్రగా వచ్చింది. డిసెంబరులో సన్నబడింది. తొమ్మిదేళ్ళ కిందట తేదీ గీసిన నెలలోనే, ఒకనాటి ఉదయం, కొళాయి గాలిని మాత్రమే కక్కింది. ఆడవాళ్ళు కుండలెత్తుకుని లోయలో పారే గెడ్డకు దిగడం మొదలుపెట్టారు. దేముడమ్మ కూడా దిగింది. ఎక్కివచ్చాక ఆమె మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని సుక్రుకు అనిపించేది.

జనవరిలో ఒక పొద్దున ఊరు కూర్చుంది. ఊరి మాట పోగొట్టినవాడు చైత్రంలో వచ్చే ఇటుకల పండగ వెళ్ళేదాకా ఆ ఊరి నీళ్ళు ముట్టకుండా బయట ఉండాలి. అదీ పాత పద్ధతే.

"నీళ్ళుంటే గదా ముట్టకుండా ఉండడానికి!" అన్నాడు గాసి. ఎవరూ నవ్వలేదు. అన్నందుకు గాసే తల దించుకున్నాడు.

యర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "సుక్రు మనకి సేసినవి తక్కువా? తెలీక జరిగినాది. వదిలీద్దాం. ఊళ్ళోనే ఉండనీ. ఏటంటారు?"

కల్లు కుండ తిరిగింది. ఒక్కొక్కరే పోయించుకుని తాగారు. గాసి అందరికంటే ముందు తాగాడు. ఇరవై ఆరు దొప్పలు ఖాళీ అయ్యాయి. కుండ చివరగా సుక్రు ముందుకు వచ్చింది.

అతని దొప్ప బోర్లపడి ఉంది.

"ఏటిది బావా? తియ్యి!" గాసి చెయ్యి చాచబోయాడు. యర్రయ్య ఆపాడు. ఒకరి దొప్ప ఇంకొకరు తిప్పకూడదు. దూరంగా ఆడవాళ్ళలో నిలబడిన దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుక్రు పెదవి విప్పలేదు. అక్కడ గ్లాసు మాట చెల్లలేదు. ఇక్కడ దొప్ప మాటయినా చెల్లాలి. యర్రయ్యకు అది తెలుసు. అందుకే కళ్ళు తుడుచుకుని లేచాడు. ఒక్క దొప్ప బోర్లపడితే పని ఆగిపోవలసిందే, అది సుక్రును వదిలెయ్యడమైనా సరే.

సాలూరులో సుక్రు చెల్లెలు ఉంది. అక్కడి లారీ షెడ్డులో మూటలెత్తే పని దొరుకుతుందని కబురొచ్చింది. తెల్లచొక్కా మడిచి దేముడమ్మ చేతికే ఇచ్చేశాడు.

"పండగెల్లినాక నువ్వు ఏ రోజున వత్తావో నాకెలా తెలుత్తాది? నాకు లెక్క రాదు గదా," అందామె.

సుక్రు పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని కొళాయి దిమ్మ దగ్గరికి నడిచాడు. మేకుతో గీసిన పాత తేదీ మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. ఊరంతా చూస్తుండగా దాని కిందనే, ఒక్కో అంకె పెద్దదిగా, తాను తిరిగి రావలసిన రోజు రాశాడు: 9-4-2004.